బావగారు ముందు మాట్లాడేస్తే ఎలాగండి?

ప్రశ్న: నమస్తే అండీ. మేం ఐదుగురం మూడేళ్ల నుంచి నెలకి తలా పదివేలు వేసుకుని కలిపి షేర్లు కొంటన్నాం. అందులో మా బావగారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు, ఆయన ఏది కొందామంటే అదే కొంటాం. ఆ మధ్య రొయ్యల ఎగుమతి కంపెనీ షేర్లు గట్టిగా కొని చేతులు కాల్చుకున్నాం, తీరా చూస్తే ముగ్గురికి ముందే డౌటుందంట, ఎవరూ నోరెత్తలేదు. ఇప్పుడు నర్సాపురం వైపు ఆరెకరాల రొయ్యల చెరువు లీజుకి తీసుకుందామంటన్నారు. ఓటింగ్ పెట్టుకుంటే సరిపోద్దా?
- ఓ పాఠకుడు, పాలకొల్లు

జవాబు: చేతులెత్తే ఓటింగైతే ఏం లాభం లేదండి, మొదటి చెయ్యి బావగారిదే లేస్తది, ఆయన మొహం చూసి మిగతా నాలుగూ లేస్తాయి. మన గోదారి జిల్లాల్లో పెద్దోళ్ల మాటకి అడ్డం చెప్పటం మర్యాద కాదు కదా, డబ్బు పోయినా పర్లేదు గానీ మర్యాద పోకూడదు మనకి!

1906లో ఇంగ్లండులో ప్లిమత్ అనే ఊళ్లో ఓ ఎద్దుని చూపించి, కోసి శుభ్రం చేశాక ఎంత తూగుద్దో చెప్పమని పోటీ పెట్టారు. గాల్టన్ అనే శాస్త్రవేత్త ఆ టికెట్లు తెప్పించుకుని లెక్కేస్తే 787 అంచనాల్ని తక్కువ నుంచి ఎక్కువకి వరసగా పేరిస్తే సరిగ్గా నడిమధ్యది 1,207 పౌండ్లు, అసలు బరువు 1,198, అంటే తేడా నాలుగు కిలోలే. ఎవరి టికెట్టు మీద వాళ్లు రాసుకున్నారు కాబట్టి కుదిరింది గానీ, పేరున్న కసాయి ఎవరైనా ముందే ఓ అంకె గట్టిగా అరిచుంటే గుంపంతా దాని చుట్టూనే తిరిగేది.

అందుకని టీ తాగకముందే, మాట మొదలెట్టకముందే తలా ఓ చీటీ రాయండి (చీటీ పాట కాదండోయ్). ఎకరానికి ఎన్ని టన్నులొస్తాయి, ఏ కౌంటుకి (అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగినప్పుడు) పట్టుబడి, కిలో ఎంతకి పోద్ది, ఎంత నష్టం దాకా తట్టుకోగలం, ఇవన్నీ అంకెల్లో. ఒకళ్లు రెండు టన్నులని, ఇంకోళ్లు నాలుగని రాస్తే ఆ తేడా ఎందుకొచ్చిందో మాట్లాడుకోండి, సగటు తీసేసి లేచెళ్లిపోకండి.

ఇంకోటుంది, గ్యారీ క్లైన్ అనే అమెరికా సైకాలజిస్టు చెప్పింది. ఏడాది తర్వాత ఈ చెరువులో డబ్బంతా పోయింది అనుకుని, ఎందుకు పోయిందో తలా కాయితం మీద రాయాలి. శుభమా అని మొదలెడతా ఇదేం అపశకునం అంటారు మీ ఇంట్లో, అనుకోనివ్వండి. డౌటు పెట్టుకుని మూసుక్కూచున్న ఆ ముగ్గురికీ అప్పుడు నోరొస్తది, ఎందుకంటే తప్పులు వెతకటమే అక్కడ పని. వైట్ స్పాట్ అనే రొయ్యల తెగులని ఒకళ్లు, కరెంటు పోయి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగినియ్యని ఒకళ్లు రాస్తారు.

నేనైతే ఇంకోటి రాస్తాను. ఎగుమతి కంపెనీ షేర్లు ఇంకా మీ దగ్గరుంటే, పైన చెరువు కూడా తీసుకుంటే అన్నీ ఒకే బుట్టలో గుడ్లే కదండీ. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు రొయ్య రేటుకీ ఆ షేర్లకీ ఒకేసారి దెబ్బ తగిలింది.

ఆ చీటీలు తారీకేసి ఓ నోటుబుక్కులో అంటించి దాయండి. పంట బాగా వచ్చిందనుకోండి, మన లెక్క కరెక్టయ్యిందా లేక అదృష్టమా అన్నది అది చూస్తేగానీ తెలీదు, లేకపోతే డబ్బొచ్చాక అందరం ముందే చెప్పామంటాం.

బావగారికి ఇదంతా ఎలా చెప్పాలంటారా? ఆ చీటీలు విప్పి చదివే పెద్దగా ఆయన్నే పెట్టండి, ఆయన చీటీ మాత్రం ఆఖర్న చదవమనండి. పెద్దరికం ఎక్కడికీ పోదు, మీ నలుగురి మాటా ముందు బయటికొస్తది, ఆయ్.