కంట్రోలు బియ్యం గురించి రాసే ముందు

పశ్చిమ మాంబళం,
చెన్నై.

అమ్మాయీ,

నీ వ్యాసం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. యుద్ధం రోజుల వంటలను ఈనాటి వంటింట్లో వండి చూసి రాయాలన్న ఆలోచన నాకు ఎంతో నచ్చింది. రవ్వ ఇడ్లీతో మొదలుపెట్టడం కూడా సబబుగానే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బియ్యం దొరక్క రవ్వతో ఇడ్లీ వేసి చూశామని బెంగళూరు మావళ్ళి టిఫిన్ రూమ్స్ వాళ్ళు ఈనాటికీ చెబుతారు. అంతవరకు బాగుంది. ఆ కింద నువ్వు రాసిన కొలతల దగ్గర మాత్రం ఆగిపోయాను. నాలుగు చెంచాల నెయ్యి, పిడికెడు జీడిపప్పు, పైన కొబ్బరి తురుము. బియ్యానికే కటకటలాడిన రోజుల ఇడ్లీ అంటూ ఇది పాఠకుడి ముందు పెడితే అతను నిన్నెలా నమ్ముతాడు? ఇది ఇప్పుడు హోటల్లో తినే రవ్వ ఇడ్లీ. వ్యాసంలో ఆ మాటే చెప్పు, తప్పులేదు. యుద్ధం నాటిది అనాలంటే మాత్రం ఆ రోజు వంటింట్లో ఏది లేదో, ఎంత తక్కువ ఉందో ముందు తెలుసుకోవాలి. అది తెలిశాకే పొయ్యి వెలిగించు.

ఇంగ్లండు వంటలు వండేవాళ్ళకు ఈ పని తేలిక. అక్కడ 1940 జనవరిలో రేషన్ మొదలైంది. ప్రభుత్వమే కరపత్రాలు వేసి, ఏ కూర ఎన్ని ఔన్సులో అచ్చులో చెప్పింది. సవాయ్ హోటల్ వంటమాస్టరు ఫ్రాంస్వా లాట్రీ, బంగాళదుంప, క్యారెట్, కాలీఫ్లవర్, ఉల్లికాడలు ఉడికించి, పైన దుంపల ముద్దో గోధుమపిండి మూతో పరిచి చేసిన వంటకానికి ఆహారమంత్రి లార్డ్ వూల్టన్ పేరు పెట్టారు. వూల్టన్ పై అంటే అదే. యుద్ధం 1945లో ముగిసినా వాళ్ళ రేషన్ పూర్తిగా పోవడానికి 1954 జూలై వరకు పట్టింది.

రెండేళ్ళ క్రితం నేనూ ఆ లెక్కతో ఒక వారం గడిపి చూశాను. మనిషికి వారానికి వెన్న రెండు ఔన్సులు, అంటే 57 గ్రాములు. వంద గ్రాముల వెన్న ప్యాకెట్టును సగానికి కాస్త పైన కోసి, తూకం వేసి, చిన్న స్టీలు గిన్నెలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాను. సోమవారం బ్రెడ్డు మీద ఎప్పటిలాగే రాశాను. మంగళవారం కూడా అంతే. బుధవారం గిన్నె మూత తీస్తే అడుగు కనబడింది. గురువారం చాకు మొనతో గిన్నె అంచులు గీకుతూ నిలబడ్డాను. ఆ గీకుడు చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఆ వారం గురించి రాసినప్పుడు నేను ‘పొదుపు’ అన్న మాట ఒక్కసారి కూడా వాడలేదు. అవసరం పడలేదు. నువ్వు కూడా ఆ వారం గడిపి చూడు. టీ పొడి కూడా 57 గ్రాములే. చక్కెర 227 గ్రాములు.

మన వంటల సంగతి వేరు. మనవాళ్ళ ఇళ్ళలో ఆ రోజుల్లో వండినవి ఎవరూ అచ్చు వేయలేదు. అవి నోటి మాటల్లోనే ఉన్నాయి, ఆ నోళ్ళు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. నాకు నిజంగా టెన్షన్‌గా ఉండేది దీని గురించే.

కాబట్టి ముందు కారణం తెలుసుకో. 1942 మార్చిలో జపాన్ సేనలు బర్మాలోని రంగూన్‌ను పట్టుకున్నాయి. అక్కడి నుంచి మద్రాసు రాష్ట్రానికి వచ్చే బియ్యం ఆగిపోయింది. ఆ రంగూన్‌లో మన తెలుగువాళ్ళు వేలమంది కూలీలుగా ఉండేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్ళినందుకు అక్కడ వాళ్ళను కోరంగీలు అనేవారు. బియ్యం ఓడలు ఆగిన ఆ నెలల్లోనే వాళ్ళలో ఎందరో అడవులు, కొండలు దాటి నడిచి వచ్చారు, ఎందరో దారిలోనే పోయారు. ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. ఆ భయంతో మద్రాసు సగం ఖాళీ అయింది. ఇదంతా వ్యాసంలో పెట్టమని కాదు, రెండు వాక్యాలు చాలు. కానీ నీకు తెలిసి ఉంటే, గిన్నెలో బియ్యం ఎందుకు తక్కువో చెప్పేటప్పుడు నీ గొంతు తడబడదు.

ఇక అడిగే పద్ధతి. పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళి, ‘యుద్ధం రోజుల్లో ఏం వండేవారు బామ్మా?’ అంటే పండగ వంటలే చెబుతారు. మనసు అటే పోతుంది. ‘కంట్రోలు బియ్యం ఎలా ఉండేవి?’ అని అడుగు. రేషన్ బియ్యాన్ని అప్పుడు అలాగే అనేవారు. ఆ మాట వినగానే ముఖం మారుతుంది. మా అమ్మ కొత్త కాపురం ఆ ఏడాదే ఈ ఊళ్ళో. కంట్రోలు అనగానే ఆమె కుడిచెయ్యి తనంతట తాను చేటలో రాళ్ళేరుతున్నట్టు కదిలేది. ముక్కిపోయిన బియ్యం, నాలుగుసార్లు కడిగినా వాసన పోయేది కాదట. కడిగిన కొద్దీ నూకలు నీళ్ళతో జారిపోతాయని కుండ కింద గుడ్డ పరిచి వడకట్టేదట. ఆ గుడ్డలో మిగిలిన నూకలన్నీ వారం రోజులు పోగేస్తే ఒక పూట ఉప్పుపిండి.

ఆ ఉప్పుపిండి ఇప్పటికీ నేను అలాగే చేస్తాను. మందపాటి గిన్నెలో ఒక్క చెంచా నూనె, ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు. గుప్పెడు పెసరపప్పు వేసి, వాసన వచ్చేదాకా వేయించాలి. గ్లాసు నూకకు రెండు గ్లాసుల నీళ్ళు, ఉప్పు. మరిగాక నూక పోసి మూతపెట్టి, సెగ బాగా తగ్గించాలి. ఇరవై నిమిషాలకు అడుగున చెక్కు కడుతుంది. ఒక్క చెంచా నూనెకు చెక్కు అంత తేలిగ్గా ఊడిరాదు, కాసేపు మూతపెట్టి ఉంచాలి. ‘ఆ చెక్కు నీ బాబాయికి’ అని అమ్మ ఎప్పుడూ అనేది. నాన్న తమ్ముడు, అప్పుడు ఎనిమిదేళ్ళ పిల్లాడు. ఆ చెక్కు కోసం స్కూలు నుంచి పరుగెత్తుకొచ్చేవాడట. నా వ్యాసంలో వంట పద్ధతి కంటే ఆ చెక్కు ఎవరికన్న మాటకే ఎక్కువ చోటిచ్చాను.

వాళ్ళ కొలతలు వాళ్ళ మాటల్లోనే రాసుకో. గోదావరి వైపు వాళ్ళు సోల, తవ్వ అంటారు. మద్రాసులో పెరిగిన ముసలామె ఆళాక్కు, పడి అంటుంది. ఎనిమిది ఆళాక్కులు ఒక పడి. వెంటనే కప్పుల్లోకి మార్చేయకు. ముందు ఆమె మాట పెట్టి, ఆ తర్వాత ఈనాటి కొలత చెప్పు. ‘సుమారుగా’ అని ఆమె అంటే నువ్వూ సుమారుగా అనే రాయి.

ఒక్క విషయంలో మాత్రం నీతో గట్టిగా మాట్లాడాలి. మూడో పేజీలో ‘ఆకలి కూడా ఒక రుచే’ అని రాశావు. దాన్ని కొట్టేయ్. 1943లో బెంగాల్‌లో లక్షలమంది తిండిలేక చచ్చిపోయారు. ఇక్కడ మద్రాసులో కంట్రోలు షాపు ముందు పొద్దున్నే వరుసలో నిలబడి, వంతు వచ్చేసరికి బియ్యం అయిపోతే ఖాళీ సంచితో తిరిగొచ్చిన మనుషులు మన ఇళ్ళలోనే ఉన్నారు. వాళ్ళు చేసిన వంట బాగుంటే బాగుందని రాయి, వాళ్ళ చేతి నేర్పును మెచ్చుకో. వాళ్ళ ఆకలిని మాత్రం మెచ్చుకోకు. అలాగే ఆ తిండి వల్లే వాళ్ళు ఆరోగ్యంగా ఉండేవారని రాయాలన్న ఉబలాటం వస్తుంది, అదీ రాయకు. మా అమ్మ కూడా ఆ రోజుల గురించి ఒక్కసారి కూడా అలా అనలేదు.

నువ్వు రాసిన వాటిలో నాకు బాగా నచ్చింది అయిదో పేజీ. రవ్వ ఇడ్లీకి పెరుగు చాలక మజ్జిగ పోశానని, ఇడ్లీలు గిన్నెకు అతుక్కుపోతే చెంచాతో తీసి తిన్నానని రాశావే, అదంతా నిజం. చదువుతుంటే తెలిసిపోతోంది. వ్యాసం అక్కడి నుంచి మొదలుపెట్టు. మొదటి రెండు పేజీలు తీసేసినా నష్టం లేదు.

మా వీధి చివర ఇంట్లో తొంభై దాటిన ఒకామె ఉన్నారు. చెవులు సరిగ్గా వినబడవు, జ్ఞాపకం మాత్రం గట్టిది. నీ గురించి చెప్పాను. వచ్చే ఆదివారం పదకొండు తర్వాత రమ్మన్నారు. వచ్చేటప్పుడు అరకిలో నూకలు, రెండు చిలగడదుంపలు పట్టుకురా. బియ్యం చాలని రోజున అన్నంలో దుంప ముక్కలు ఎలా కలిపేవారో చేసి చూపిస్తానన్నారు. నెయ్యి తేకు. ఫోన్‌లో రికార్డు చేసుకో, కానీ ముందు ఆమెను అడుగు. చేతిలో నోటుబుక్కు కూడా ఉంచుకో.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య