స్కూలు బ్యాండుకి పండుగ పీసులు ఎలా ఎంచుకోవాలి: దేవరకొండ సార్‌కి నా జవాబు

సార్, దేవరకొండ దగ్గర మీ స్కూల్లో 22 మంది పిల్లల బ్యాండు ఉందన్నారు. క్లారినెట్లు, ట్రంపెట్లు ఎక్కువ, ఆల్టో సాక్సోఫోన్లు రెండు, యుఫోనియంలు (కింది స్వరాలు పలికే ఇత్తడి వాద్యం) రెండు, ట్రాంబోన్ ఒకటి, మిగతావి డ్రమ్ములు. ఓబో, బసూన్, ట్యూబా లేవు. డిసెంబర్‌లో క్రిస్మస్ ప్రోగ్రాం, దాని వెనకే యాన్యువల్ డే ఉన్నాయి కాబట్టి పండుగ కళ ఉట్టిపడే పీసులు మూడు నాలుగు కావాలి, ఏ గ్రేడువి తీసుకోవాలి, నొటేషన్ ఎక్కడ దొరుకుతుంది అని అడిగారు. నేను మహబూబ్‌నగర్‌లో పిల్లలకి బ్యాండు నేర్పుతాను, అంతకుముందు మా నాన్నతో కలిసి పెళ్లి బ్యాండులో యుఫోనియం వాయించేవాణ్ణి. ఆ అనుభవంతో చెప్తున్నాను.

మీ పిల్లలు మామూలుగా ఏ గ్రేడు వాయిస్తారో, పండుగ పీసు అంతకంటే ఒక గ్రేడు కిందిది తీసుకోండి. కాన్సర్ట్ బ్యాండు సంగీతానికి ఎక్కువమంది పబ్లిషర్లు కష్టాన్ని బట్టి అర గ్రేడు, ఆపైన ఒకటి నుంచి ఆరు దాకా గ్రేడులు ఇస్తారు, అంకె పెరిగే కొద్దీ కష్టం. మీ పిల్లలు రెండో గ్రేడు వాళ్లయితే ఒకటో గ్రేడు చాలు. ఎందుకంటే పండుగ పేరుతో వచ్చే పీసుల్లో ట్రంపెట్‌కి పై స్వరాలు, పెద్ద సౌండు, వేగం మూడూ ఉంటాయి, పైగా స్టేజీ ఎక్కిన పిల్లలు ఆ ఊపులో తమకి తెలియకుండానే ఇంకా స్పీడు పెంచేస్తారు. చివరి పేజీకి వచ్చేసరికి పెదాలు అలిసిపోయి, ఎక్కడ గట్టిగా మోగాలో సరిగ్గా అక్కడే ట్రంపెట్లు పడిపోతాయి. వినేవాళ్లకి గ్రేడు తెలియదు సార్, చివర బ్యాండంతా ఒక్క గొంతుగా మోగిందా లేదా అన్నదే తెలుస్తుంది.

ఆన్‌లైన్‌లో పండుగ పీసులని వెతికితే రష్యా సంగీతకర్త షోస్టకోవిచ్ 'ఫెస్టివ్ ఓవర్చర్' ముందుగా వచ్చి ఉంటుంది. 1954లో రష్యా అక్టోబర్ విప్లవం 37వ వార్షికోత్సవానికి రాసింది, వింటే ఒళ్లు పులకరిస్తుంది. పిల్లలకి వినిపించండి, కానీ అసలు స్కోరు జోలికి మాత్రం పోకండి, అందులో క్లారినెట్ పరుగు పెద్ద ప్రొఫెషనల్ బ్యాండులకే పరీక్ష. అలాగే లెరాయ్ ఆండర్సన్ 1948లో పూర్తి చేసిన 'స్లే రైడ్', అంటే మంచు మీద గుర్రపు బండి షికారు. దీనికి సులభమైన అరేంజ్‌మెంట్లు దొరుకుతాయి, అవి తీసుకోవచ్చు. అందులో కొరడా దెబ్బకి రెండు చెక్క పలకల్ని ఒక వైపు బందుతో కలిపి కొడతారు, మీ ఊరి వడ్రంగి ఒక్క పూటలో చేసిస్తాడు. చివర్లో ట్రంపెట్ గుర్రంలా సకిలిస్తుంది, వాల్వులు సగమే నొక్కి స్వరాన్ని జార్చాలి. ఆ ఒక్క సకిలింపు కోసమే పిల్లలు మిగతా పీసంతా శ్రద్ధగా నేర్చుకుంటారు.

నన్నడిగితే మీ బ్యాండుకి అచ్చంగా సరిపోయేది హాండెల్ రాసిన 'రాయల్ ఫైర్‌వర్క్స్' సంగీతంలోని 'లా రెజూయిసాన్స్' అనే భాగం. 1749 ఏప్రిల్ 27న లండన్ గ్రీన్ పార్కులో, యుద్ధం ముగిసి సంధి కుదిరినందుకు బాణసంచా కాల్చిన రోజున వాయించడానికి రాశాడు. రాజుగారు ఫిడేళ్లు వద్దన్నారు కాబట్టి మొదట్లో అది పూర్తిగా ఊదే వాద్యాలకీ డ్రమ్ములకీ రాసిన సంగీతమే: 24 ఓబోలు, 12 బసూన్లు, తొమ్మిది ట్రంపెట్లు, తొమ్మిది హార్న్‌లు, మూడు జతల కెటిల్ డ్రమ్ములు. ఆరుబయట మోగడానికి పుట్టిన సంగీతం, మన స్కూలు గ్రౌండుకి ఇంతకంటే ఏం కావాలి? ఈ భాగాన్ని మూడుసార్లు వాయించమని స్కోరులోనే ఉంది, మొదటిసారి ట్రంపెట్లు ముందుండి, రెండోసారి హార్న్‌లు, మూడోసారి అందరూ కలిసి. మీకు హార్న్‌లు లేవు, ఆ వంతు సాక్సోఫోన్లకీ యుఫోనియంలకీ ఇవ్వండి. ఈలోగా ట్రంపెట్ పిల్లలకి పెదాలకి రెస్టు దొరుకుతుంది, మూడోసారి అందరూ లేచేసరికి సభ నిటారుగా కూర్చుంటుంది. ఇందులో ఇంకో లాభం, హాండెల్ 1759లో పోయాడు, అసలు స్కోరు కాపీరైట్ తీరిన స్కోర్లు పెట్టే ఐఎంఎస్ఎల్‌పీ సైటులో ఉచితంగా ఉంది. అసలు స్కోరు డి మేజర్‌లో ఉంటుంది, పిల్లలకి బి ఫ్లాట్‌లోకి మార్చుకోండి.

మార్చడం అంటే టెన్షన్ పడకండి. మ్యూజ్‌స్కోర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, స్వరాలు ఎక్కిస్తే ఏ వాద్యానికి ఆ పార్టు అదే రాసిస్తుంది. పియానో మీద బి ఫ్లాట్ అయిన స్వరం మన క్లారినెట్, ట్రంపెట్ పేపర్ మీద సి, ఆల్టో సాక్సోఫోన్ పేపర్ మీద జి. ఇది పిల్లలకి కూడా నోటికి రావాలి, లేకపోతే మీరు 'బి ఫ్లాట్ ఊదండి' అన్నప్పుడు ఒక్కొక్కరు ఒక్కో స్వరం ఊదుతారు.

అన్ని వాద్యాల పార్టులూ కలిపి అమ్మే సెట్టు కొనేటట్టయితే 'ఫ్లెక్స్ బ్యాండు' అని రాసి ఉన్నవి చూడండి. వీటిల్లో డ్రమ్ములు కాక సాధారణంగా పై స్వరాల నుంచి కింది స్వరాల దాకా అయిదు పార్టులే ఉంటాయి, ఒక్కో పార్టుని రకరకాల వాద్యాలు వాయించేలా రాసి ఇస్తారు, కాబట్టి ఓబో లేదు బసూన్ లేదు అన్న బాధ ఉండదు. యుఫోనియం ఒకటి నాలుగో పార్టుకి, రెండోది ట్రాంబోన్‌తో కలిపి అయిదో పార్టుకి పెట్టండి, మరీ కిందికి పోతే ఆ స్వరాల్ని ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) పైకి రాసుకోండి. సగం మంది క్లారినెట్ పిల్లల్ని మొదటి పార్టు నుంచి తీసి రెండు, మూడుకి పంపండి. అందరికీ మెయిన్ ట్యూనే కావాలని అలుగుతారు, అయినా పంపండి. మధ్య పార్టులు నిండుగా లేని బ్యాండు ఎంత గట్టిగా ఊదినా డొల్లగానే ఉంటుంది. డబ్బు కట్టే ముందు యుఫోనియం పార్టు ట్రెబుల్ క్లెఫ్‌లో (పై స్వరాలకి వాడే నొటేషన్ గుర్తు, కింది స్వరాలకి వాడేది బేస్ క్లెఫ్) ఉందో లేదో చూసుకోండి. మన దగ్గర పెళ్లి బ్యాండు దారిలో నేర్చుకున్నవాళ్లు ట్రెబుల్ క్లెఫే చదువుతారు. నేను కొన్న ఒక సెట్టులో బేస్ క్లెఫ్ పార్టు ఒక్కటే వచ్చింది, మెయిల్ పెడితే జవాబు లేదు, కూర్చుని మొత్తం చేత్తో తిరగరాయాల్సి వచ్చింది.

పూర్తి సెట్టు ధర చాలావరకు 50 నుంచి 100 డాలర్ల మధ్య ఉంటుంది, స్కూలుకి అది చిన్న ఖర్చు కాదు. అందుకని ఒకటి కొనండి, మిగతావి కాపీరైట్ తీరినవి తీసుకోండి. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. స్కూల్లో పిల్లలూ టీచర్లే వాయించి, వినేవాళ్లు కూడా పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, స్టాఫే అయితే ఆ వాయించడానికి చట్టం మినహాయింపు ఇస్తుంది. దాన్ని చూపించి ఎవరి దగ్గరో ఉన్న సెట్టుని జిరాక్స్ తీయకండి, అది వేరే సంగతి.

ఇక యాన్యువల్ డేకి ఒక బతుకమ్మ పాట తప్పకుండా పెట్టండి సార్. దీనికి కొనే సెట్టు లేదు, మీరే రాసుకోవాలి, నాకైతే ఇదే అన్నిటికంటే ఇష్టమైన పని. పాత పాటల్లో చాలావాటికి అయిదారు స్వరాలు మించవు, ఒకామె చరణం ఎత్తుకుంటే అందరూ 'ఉయ్యాలో' అని అందుకుంటారు. బ్యాండుకీ అలాగే రాయండి, చరణం ఒక్క ఆల్టో సాక్సోఫోన్, 'ఉయ్యాలో' దగ్గర బ్యాండంతా. మొదటి చరణాలకి డ్రమ్ములు వద్దు, వాయించని పిల్లలు చప్పట్లతో తాళం వేస్తే చాలు, బేస్ డ్రమ్ము ఆ తర్వాత మెల్లగా కలవాలి. ఊళ్లో పెద్ద మనుషుల నోట వచ్చే పాటే తీసుకోండి, యూట్యూబ్‌లో కొత్తగా వచ్చినవాటికి హక్కుదారులు ఉంటారు. మా పిల్లల్లో ఒకమ్మాయి వాళ్ల నాయనమ్మ పాడింది ఫోన్లో రికార్డు చేసుకొస్తే దాన్నే నొటేషన్‌గా రాశాం. ఆమె పాడుతూ మధ్యలో శ్వాస తీసుకున్న చోటే పిల్లల పేపర్ మీద కూడా శ్వాస గుర్తు పెట్టాను, ట్యూను ఒక్కసారిగా మా ఊరి పాటయింది. వీలైతే ఒక డప్పు కళాకారుణ్ణి పిలిచి ముందు వరసలో నిలబెట్టండి, ఆయనకి పేపర్ అక్కర్లేదు, రెండు రిహార్సల్స్ వింటే చాలు. ఆయనకి డబ్బు ఇవ్వడం మాత్రం మర్చిపోవద్దు.

డిసెంబర్ పొద్దున చలికి వాద్యాల శ్రుతి కిందికి దిగుతుంది, ఎండెక్కే కొద్దీ పైకి పోతుంది. అందుకని పిల్లలు కాసేపు ఊది వాద్యం వేడెక్కాకే శ్రుతి చూడండి, స్టేజీ ఎక్కే ముందు మళ్లీ ఒకసారి చూడండి. ఆరుబయట గాలికి పేపర్లు ఎగిరిపోతాయి, స్టాండుకి రెండేసి బట్టల క్లిప్పులు పెట్టించండి, పేజీ తిప్పాల్సిన పని లేకుండా ఒక్కో పార్టు ఒకే షీటులో ప్రింటు తీయించండి.