డొమైన్ ఖాళీగా ఉందంటే ట్రేడ్‌మార్క్ చిక్కు లేనట్టేనా?

కరీంనగర్‌లో పచ్చళ్ల వ్యాపారం మొదలుపెడుతున్నామని, అనుకున్న పేరుతో డాట్ కామ్ ఖాళీగా ఉందని, కొన్న తర్వాత ఎవరైనా ట్రేడ్‌మార్క్ అంటూ నోటీసు పంపుతారా అని అడిగారు. తప్పకుండా పంపవచ్చు. డొమైన్ అమ్మే కంపెనీ చూసేది ఆ పేరును ఇంకెవరైనా కొన్నారా లేదా అన్నంతవరకే. అది ఎవరి ట్రేడ్‌మార్కో అది విచారించదు. పైగా ఈ పేరు వల్ల ఎవరి హక్కులకూ భంగం కలగదని, మనం చదవకుండా టిక్కు పెట్టే షరతుల్లో మన చేతే ఒప్పించుకుంటుంది.

హనుమకొండలో మా బామ్మర్దికి మిక్సీలు, గ్రైండర్లు అమ్మి బాగుచేసే షాపు ఉంది. పేరున్న ఒక మిక్సీ కంపెనీ పేరు చివర వరంగల్ అని తగిలించి డొమైన్ కొన్నాడు. కొన్నాళ్లకు ఢిల్లీ వకీలు నుంచి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు వచ్చింది. "బావా, వాళ్ల మాలే గదా నేను అమ్ముతున్న, బిల్లులు సుత ఉన్నయి, ఇంకేం కావాలె వాళ్లకు?" అంటూ ఆ నోటీసు కట్ట తెచ్చి నా ముందు పెట్టాడు. జతచేసిన కాగితాల్లో మొదటిది అతని వెబ్‌సైటు తొలి పేజీ ప్రింటు. ఆ కంపెనీ లోగో కిందనే వేరే కంపెనీల మిక్సీల బొమ్మలు, వాటి చుట్టూ ఎర్ర ఇంకుతో గీత. ఆఖరి కాగితం చూశాక నాకు అసలు సంగతి బోధపడింది. ఆ పేరు మాకిచ్చేస్తావా అని కంపెనీ ఏరియా మేనేజరు వాట్సాప్‌లో అడిగితే, మావాడు "రెండు లక్షలిస్తే ఇస్త సార్" అని పంపిన జవాబు అందులో అక్షరం పొల్లుపోకుండా అచ్చయి ఉంది.

డాట్ కామ్ తగాదాలకు, ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసుకునే ఐకాన్ సంస్థ 1999లో తెచ్చిన యూడీఆర్‌పీ అనే విధానంలో ఫిర్యాదుదారు మూడు సంగతులు నిరూపించాలి: పేరు తన మార్కును పోలి ఉందని, కొన్నవారికి దాని మీద న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతోనే కొని వాడుతున్నారని. పెట్టిన ఖర్చుకు మించిన ధరకు ఆ మార్కు యజమానికే అమ్మే ఉద్దేశంతో పేరు కొనడాన్ని ఆ విధానమే దురుద్దేశానికి గుర్తుగా చెబుతుంది కనుక, మావాడి సాక్ష్యం మావాడే రాసిచ్చినట్టయింది. సరుకు అమ్మేవారికి అసలు దారే లేదని కాదు. ఈ విధానం కిందే 2001లో వచ్చిన ఓకీ డేటా కేసు తీర్పు ప్రకారం, ఆ కంపెనీ సరుకు నిజంగా అమ్ముతూ, ఆ సైటులో ఆ సరుకు మాత్రమే అమ్ముతూ, కంపెనీతో తన సంబంధం ఏమిటో స్పష్టంగా చెబుతూ, అలాంటి పేర్లన్నీ తానే పోగుచేయకుండా ఉంటే నిలబడవచ్చు. వేరే కంపెనీల బొమ్మలు పెట్టినచోటే మావాడి వాదన పడిపోయింది. డొమైన్ రాసిచ్చి బయటపడ్డాడు.

డాట్ ఇన్ తీసుకుంటే మేలని కొందరు సలహా ఇస్తారు. నాకది అర్థం లేని సలహాగా తోస్తుంది. యూడీఆర్‌పీలో దురుద్దేశంతో కొనడం, వాడడం రెండూ నిరూపించాలి. డాట్ ఇన్ పేర్లకు వర్తించే ఐఎన్‌డీఆర్‌పీలో రెంటిలో ఏదో ఒకటి చాలు. స్పెల్లింగు మార్చి ఒక అక్షరం ఎక్కువ పెట్టినా ఫలితం ఉండదు. సిఫీ అన్న తన పేరును పోలిన పేరుతో మరొకరు డొమైన్లు తీసుకున్నారని సత్యం ఇన్ఫోవే వేసిన కేసులో, డొమైన్ పేరుకు కూడా వ్యాపార నామానికి ఉండే రక్షణే ఉంటుందని సుప్రీంకోర్టు 2004లోనే తేల్చింది.

మీ విషయానికొస్తే, డబ్బు కట్టకముందే ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైటులో పబ్లిక్ సెర్చ్ తెరిచి, పచ్చళ్లు వచ్చే 29వ తరగతిలోనూ, చట్నీలు, మసాలాలు వచ్చే 30వ తరగతిలోనూ మీ పేరు వెతకండి. ఉచ్చారణను బట్టి వెతికే ఫొనెటిక్ పద్ధతిలో కూడా చూడండి, ఎందుకంటే చిక్కంతా అక్కడే దొరుకుతుంది. ఎవరూ లేకపోతే వెంటనే దరఖాస్తు పెట్టండి. వ్యక్తులకు ఆన్‌లైన్‌లో తరగతికి 4,500 రూపాయల రుసుము. అదే రేపు మీ పేరును ఇంకెవరో డాట్ కామ్‌గా పట్టుకుంటే, యూడీఆర్‌పీ ఫిర్యాదులు తీసుకునే అంతర్జాతీయ సంస్థ వైపోలో ఫిర్యాదు రుసుమే 1,500 డాలర్ల నుంచి మొదలవుతుంది.

నన్నడిగితే బయటి కంపెనీ నోటీసుకన్నా దగ్గరివాళ్ల వల్లే మన షాపులకు ఎక్కువ నష్టం. వెబ్‌సైటు చేసిచ్చే కుర్రాడు డొమైన్‌ను తన పేరున, తన ఈమెయిలుతో కొంటాడు. తర్వాత అతను హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోతాడు, ఫోను ఎత్తడు. మన ఊళ్లో సగం షాపుల డొమైన్లు యజమాని పేరున లేవని పందెం కాసి చెప్పగలను. ఇక వరంగల్ కొత్తవాడ నేతకారుల గోడు వేరు. వాళ్లు నేసే వరంగల్ డర్రీలకు (జంపఖానాలకు) ఆ ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది కదా, ఆ పేరుతో ఎవరో దూరాన కూర్చుని డొమైన్ కొంటే యూడీఆర్‌పీ ఆదుకుంటుందనుకోవద్దు. అది ట్రేడ్‌మార్కుల కోసం పుట్టింది, ఒట్టి భౌగోళిక గుర్తింపుతో అక్కడ నెగ్గడం కష్టం, మన కోర్టుకే వెళ్లాలి. మగ్గం మీద కూర్చునే మనిషికి అంత తీరిక, అంత డబ్బు ఎక్కడివి? కాబట్టి మీ పచ్చళ్లకు ఊరి పేరొక్కటే పెట్టుకోకుండా, మీదంటూ చెప్పుకోగల పేరు ఒకటి ఎంచుకుని, డొమైన్ బిల్లు మీ పేరున, మీ ఈమెయిలుకే వచ్చేలా చూసుకోండి.