కమాన్ కట్టల కోసం రోజువారీ ఫైనాన్సు వద్దు

ప్రశ్న: మదనపల్లె నుంచి చెన్నైకి సొంత పికప్‌లో టమాటా తోలుతున్నాను. నెలకు రూ.14,500 ఈఎంఐ ఇంకా రెండేళ్లు ఉంది. ఇంటి ఖర్చు రూ.16,000. లోడు వేస్తే బండి వెనక కుంగుతోంది. అదనపు కమాన్ పట్టీలు (బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు), కొత్త షాక్ అబ్జార్బర్లు తెచ్చి ఇంటి దగ్గరే బిగించుకుంటే లేబరు మిగులుతుంది, క్రేట్లు ఎక్కువ వేసుకోవచ్చు. బ్యాంకులోని రూ.22,000 కదపకుండా రోజువారీ ఫైనాన్సులో రూ.40,000 రాసిస్తే చేతికి రూ.36,000 వస్తుంది, వంద రోజులు రోజుకు రూ.400 కట్టాలి. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దు. సొంత బండి నడుపుకునేవారిలో చాలామంది బండి మీద పెట్టే ప్రతి రూపాయినీ పెట్టుబడిగానే లెక్కవేసుకుని, బండి షెడ్డులో ఆగిపోయే రోజుల కోసం మాత్రం ఏమీ దాచుకోరు; మీ ఉత్తరంలోనూ నాకు కనిపించింది అదే.

ఈ అప్పుకు వడ్డీ పది శాతమే అనిపించవచ్చు. అసలు మొదటి రోజు నుంచే తీరుతూ పోతుంది కనుక, ఏడాది లెక్కన అది 75 శాతం దాటుతుంది. ధర పడిపోయి రైతులు కోతలు ఆపిన వారంలోనూ, మీకు లోడు దొరకని రోజునా ఆ రూ.400 కట్టక తప్పదు.

పట్టీలు పెంచినంత మాత్రాన ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు పెరగదు. యాక్సిల్, బేరింగులు, బ్రేకులు పాతవే. ఓవర్‌లోడుకు చట్టంలో జరిమానా రూ.20,000, పైగా అదనపు టన్నుకు రూ.2,000. ఆ లోడుతో ప్రమాదం జరిగితే క్లెయిము విషయంలో బీమా కంపెనీ అభ్యంతరం చెప్పవచ్చు. ఈ అదనపు క్రేట్ల ఆదాయాన్ని నమ్ముకుని అప్పు చేయడం ఎంతమాత్రం సమంజసం కాదు.

ఒకవేళ పట్టీ విరిగిందో, పట్టీల చివర ఉండే బుష్‌లు అరిగాయో అయితే అది తప్పనిసరి మరమ్మతు. కంపెనీ కొలతల పట్టీలే కమాన్ షెడ్డులో వేయించండి, అందుకు మీ పొదుపులోంచి తీయండి. జాకీ ఒక్కటే ఆధారంగా బండి కిందికి దూరి, పట్టీలను యాక్సిల్‌కు పట్టి ఉంచే పాత యూ బోల్టులే మళ్లీ బిగించి మిగుల్చుకునే లేబరు మిగులు కాదు.

ఇక అసలు విషయం అత్యవసర నిధి. మీకు ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపి నెలకు రూ.30,500, మూడు నెలలకు రూ.91,500 ఉండాలి. ఉన్నది పోగా రూ.69,500 తక్కువ పడుతోంది. ఫైనాన్సు వారికి కట్టగలననుకున్న ఆ రూ.400నే రోజూ వేరే ఖాతాలో వేయండి, లోడు లేని రోజు మానేయండి; అలా 174 సార్లు వేస్తే లోటు పూడుతుంది. ఆ డబ్బును డీజిలుకూ, పండుగకూ, టైర్లకూ ముట్టుకోకూడదు. టైర్ల ఖర్చు, బీమా ప్రీమియం ఏటా వచ్చేవే కాబట్టి వాటికి విడిగా దాచాలి. రికరింగ్ డిపాజిట్, చిట్టీ వంటివి ఈ నిధి నిండిన తర్వాతే ఆలోచించండి.

బండి మీరే నడుపుతున్నారు కనుక పాలసీలో రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. లేకపోతే రెన్యువల్ దాకా ఆగకుండా విడిగా తీసుకోండి.