చర్చికి దూరమైన క్యాథలిక్ స్నేహితుణ్ణి నొప్పించకుండా మళ్ళీ పాపసంకీర్తనానికి (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం), సత్ప్రసాదానికి (కమ్యూనియన్) ఎలా రప్పించాలి?

ముందు వాట్సాప్‌లో ప్రసంగాల వీడియోలు పంపడం ఆపండి. అవి చూసి తిరిగొచ్చినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. మ్యూట్‌లో పెట్టేసినవాళ్ళు మాత్రం బోలెడంతమంది తెలుసు. సిద్ధాంతం నచ్చక దూరమైనవాళ్ళు కూడా చాలా తక్కువ. ఎవరో అన్న మాట, ఏదో సిగ్గు, "ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళను" అనే బెరుకు... నాకు కనబడ్డ కారణాలు ఇవే.

మావాడొకడు ఒకప్పుడు చర్చిలో పూజలో (మాస్) కీబోర్డు వాయించేవాడు. మెల్లగా మానేశాడు. ఆదివారం భార్యనీ కూతుర్నీ దింపి, పూజ అయ్యేదాకా కారులో ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాడు. నేనేమీ అనలేదు. ఇంతలో కూతురు మొదటి సత్ప్రసాదానికి తయారవడం మొదలుపెట్టింది. జపాలు అప్పజెప్పించుకునే డ్యూటీ వీడిది. ఆ పిల్ల ఉత్తమ మనస్తాప జపం (పాపసంకీర్తనంలో చెప్పే పశ్చాత్తాప జపం) మధ్యలో ఆగిపోయి "తర్వాతేంటి నాన్నా?" అంది. వీడికి రాలేదు. పుస్తకం తెరిచి వెతుకుతుంటే "నీకూ రాదా? మరి నువ్వు పాపసంకీర్తనంలో ఏం చెబుతావు?" అని అడిగిందట.

ఆ రాత్రే నాకు ఫోన్. విశ్వాసం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. వాడి టెన్షన్లు వేరు. "ఫాదర్‌కి నా గొంతు తెలుసురా. జపం రాదు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలీదు. సగం గుర్తు కూడా లేవు."

వాటికే జవాబు చెప్పాను. సొంత విచారణలోనే (పారిష్) చేయాలని లేదు, నచ్చిన గురువు (ఫాదర్) దగ్గరికి వెళ్ళే స్వేచ్ఛ శ్రీసభ (క్యాథలిక్ చర్చి) చట్టమే ఇచ్చింది. జాలీ వెనక మోకరిస్తే మొహం కనబడదు. విన్నది, ఎవరు చెప్పారో తెలిసేలా బయటపెట్టిన గురువు ఆ క్షణమే శ్రీసభ నుంచి బహిష్కృతుడవుతాడు, విడిగా ఎవరూ తీర్పు చెప్పక్కర్లేదు. జపం కాగితం మీద రాసుకెళ్ళొచ్చు. నిజాయితీగా ఆత్మశోధన చేసుకున్నాక కూడా మరచిపోయినవి ఆ క్షమాపణలోనే పోతాయి, పెద్ద పాపమేదైనా తర్వాత గుర్తొస్తే మళ్ళీసారి చెప్పాలి. ఇదంతా అయ్యాక "శనివారం నేను పక్క విచారణకి వెళ్తున్నా, వస్తావా?" అన్నాను. అంతకుమించి బలవంతపెట్టలేదు.

వరసలో నేను ముందు, వాడు వెనక. లోపలికెళ్ళినవాడు ఎంతకీ రాడు. వెనకున్న ఒకావిడ గడియారం చూసుకుంటూ పెద్దగా నిట్టూరుస్తోంది. ఆవిడ వంక గుర్రుగా చూశాను, నా పాపసంకీర్తనం అప్పుడే అయినా సరే. వాడు బయటికొచ్చాక ఆనందబాష్పాలేమీ లేవు, మొహం నిండా అసంతృప్తి. "ప్రాయశ్చిత్తంగా ఒక పరలోక జపం, ఒక మంగళవార్త జపం చెప్పమన్నారు. ఇన్నేళ్ళకి ఇంతేనా?" అని గొణిగాడు. కావాలంటే మళ్ళీ వెళ్ళి ఎక్కువ వేయించుకుని రా అన్నాను.

మరుసటి ఆదివారం వాడు పూజకొస్తే, గుమ్మం దగ్గర ఒక పెద్దమనిషి "ఏం బాబూ, ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా?" అని అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. సత్ప్రసాదం పరిపూర్ణులకిచ్చే బహుమతి కాదు, బలహీనులకు మందు అని పోప్ ఫ్రాన్సిస్ 2013లో రాశారు. పాపసంకీర్తన స్థలం చిత్రహింసల గది కాకూడదని కూడా అందులోనే ఉంది. ఫాదర్‌లు చాలామటుకు విన్నట్టే ఉన్నారు. గుమ్మం దగ్గర కాపలా కాసే ఈ పెద్దలకే ఇంకా చేరలేదు.

తర్వాత పునీతుడైన అగుస్తీను తల్లి మోనికమ్మలా కన్నీళ్ళతో ప్రార్థించమని మీకు అందరూ చెబుతారు. చేయండి. కానీ ఆమెకు ఒక మేత్రాణి (బిషప్) ఇచ్చిన సలహా ఎవరూ చెప్పరు. నా కొడుకు అగుస్తీనుతో మాట్లాడండి అని ఆమె వెంటపడితే ఆయన ఒప్పుకోలేదు. ప్రస్తుతానికి అతన్ని వదిలెయ్యమ్మా, ప్రార్థన మాత్రం చెయ్యి, చదువుకుంటూ తనే తెలుసుకుంటాడు అన్నాడు. చివరికి క్రీ.శ. 387 పాస్క పండుగకి (ఈస్టర్) మిలాన్‌లో అగుస్తీను జ్ఞానస్నానం పొందాడు. వాదించి గెలవాలనుకునేవాళ్ళు ఈ భాగం రెండుసార్లు చదువుకోవాలి.

ఒకవేళ మీ స్నేహితుడి చిక్కు పెళ్ళికి సంబంధించినదైతే తీర్పు మీరు చెప్పకండి. విడాకులైతే చాలు సత్ప్రసాదం బంద్ అని చాలామంది అనుకుంటారు, అది తప్పు. మొదటి వివాహం శ్రీసభ దృష్టిలో నిలిచి ఉండగా మరో పెళ్ళి చేసుకుంటేనే సమస్య. అది శనివారం వరసలో తేలే విషయం కాదు, విచారణ గురువుతో విడిగా టైం తీసుకుని కూర్చోవాలి. మామూలు పాపసంకీర్తనానికైనా బోర్డు మీద రాసిన వేళల్ని నమ్మి తీసుకెళ్ళకండి. ఆ రోజు ఫాదర్ ఉంటారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.