విలన్ పోయాక జోకు వస్తోంది!
(పాఠకుల ప్రశ్నలు, సౌండ్ ఎడిటర్ జవాబులు)

ప్రశ్న: మేడమ్, నమస్తే. రిఫ్‌ట్రాక్స్ వాళ్ల కామెడీ కామెంటరీ, అంటే సినిమా నడుస్తుంటే దాన్ని వెక్కిరించే జోకుల ఆడియో, ఒకటి కొని డౌన్‌లోడ్ చేసుకున్నాను. సినిమా పాత డీవీడీలో, కామెంటరీ ఫోన్‌లో పెట్టి రెండూ ఒకేసారి మొదలుపెట్టాను. పది నిమిషాలయ్యేసరికి జోకులు దాదాపు అరనిమిషం వెనకబడ్డాయి. చివర్లో మరీ ఘోరం. విలన్ చచ్చి, పేర్లు పడుతుంటే వాడి మీసం మీద జోకు వచ్చింది. నా ఫోన్ పాడైందంటారా?

జవాబు: ఫోన్‌ని ఏమీ అనకండి బాబూ, పరిగెడుతున్నది మీ డీవీడీ. సినిమాను సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తీస్తారు. పాల్ (PAL) అనే టీవీ పద్ధతి డీవీడీలో దాన్నే సెకనుకు 25 ఫ్రేములతో నడిపిస్తారు. ఒక్క ఫ్రేమే కదా అనుకుంటాం గానీ, రెండు గంటల సినిమా గంటా 55 నిమిషాలకే అయిపోతుంది. అమెరికాలో వాడే ఎన్‌టీఎస్‌సీ డీవీడీకి ఆ తొందర లేదు. మీరు కొన్న కామెంటరీ ఆ వేగానికి చేసింది. అందుకే సినిమా ముందు, జోకు వెనక.

నేను పనిలో చేరిన కొత్తలో ఒక రీలు ఇలాగే సింక్ (బొమ్మకీ శబ్దానికీ పొత్తు) తప్పితే, నటి పెదవుల వంక చూస్తూ రాత్రంతా కూర్చున్నాను. పొద్దున సీనియర్ వచ్చి అసలు తెర వైపే చూడలేదు. ‘మొదట్లో తేడా ఎంత, చివర్లో ఎంత?’ అన్నాడు, అంతే. మీరూ అదే చూడండి. తేడా మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉంటే మొదలుపెట్టడంలో పొరపాటు. పాజ్ నొక్కి సర్దుకుంటే చాలు. మీకు జరిగినట్టు పెరుగుతూ పోతే వేగంలో తేడా. ఉన్నట్టుండి ఒకచోట దూకితే, మీ దగ్గరున్న సినిమాలో సీను ఎక్కువో తక్కువో ఉన్నట్టు.

మందు ఇదీ: కామెంటరీ ఫైలును ఆడాసిటీ అనే ఉచిత సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ‘చేంజ్ టెంపో’తో 4.3 శాతం వేగం పెంచండి. పక్కనే ఉండే ‘చేంజ్ స్పీడ్’ జోలికి వెళ్లకండి, గొంతులు సన్నబడిపోతాయి. ఇంకోటి, ఆ ట్రాకుల్లో మధ్యమధ్య ఒక రోబో గొంతు సినిమాలోని డైలాగునే పలుకుతుంది. అది జోకు కాదు. నటుడూ రోబో ఒకేసారి పలికితే సింక్ కుదిరినట్టు.

ప్రశ్న: జోకులు సినిమాతో కలిపే అమ్మొచ్చుగా? మనకీ తంటా ఎందుకు?

జవాబు: కలిపి అమ్మాలంటే సినిమా హక్కులు కొనాలి. ఆ కష్టం వాళ్లకు బాగా తెలుసు. 1988లో కమెడియన్ జోయెల్ హాడ్జ్‌సన్ అమెరికాలోని మినియాపొలిస్‌లో ఒక లోకల్ టీవీ చానల్లో ‘మిస్టరీ సైన్స్ థియేటర్ 3000’ మొదలుపెట్టాడు. తెర కింద కుర్చీల్లో ఒక మనిషి, రెండు రోబోల నీడలు కనిపిస్తాయి. సినిమా నడుస్తుంటే వాళ్లు వెక్కిరిస్తుంటారు. ఆ షోకి ఎక్కువగా దొరికింది చవకబారు, ఎవరూ చూడని సినిమాలే. హక్కుల గడువు తీరిపోయి కొన్ని ఎపిసోడ్లు తర్వాత వీడియోగా తేవడమే కష్టమైంది. అందులో హెడ్ రైటర్‌గా ఉండి 1993లో హోస్ట్ అయిన మైకేల్ జె. నెల్సన్, 2006లో రిఫ్‌ట్రాక్స్ పెట్టి ముడి విప్పేశాడు. సినిమా నువ్వు తెచ్చుకో, మాటలు నేనిస్తా అన్నాడు. అమ్మేది తన గొంతే కాబట్టి పెద్ద పెద్ద హిట్ సినిమాల మీదా చెయ్యి వేయగలిగాడు. పాత రోబోలకు గొంతిచ్చిన కెవిన్ మర్ఫీ, బిల్ కార్బెట్ కూడా వచ్చి చేరారు. సింక్ తంటా మనకెందుకంటే అందుకే.

ప్రశ్న: నేనూ నా ఫ్రెండూ ఇలాంటిదే ఒకటి రికార్డ్ చేశాం. సినిమా చూస్తున్నప్పుడు మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. తర్వాత వింటే ఒక్కటీ పేలలేదు. మా చెల్లి పావుగంటకే హెడ్‌ఫోన్ తీసేసింది.

జవాబు: మీ చెల్లెలికి మంచి చెవి ఉంది, తర్వాతి ట్రాకు కూడా ముందు ఆమెకే వినిపించండి.

మీరిద్దరూ సినిమా చూస్తూ అప్పటికప్పుడు మాట్లాడి ఉంటారు. పక్కన కూర్చున్నవాడికి అది సరదా, వినేవాడికి గోల. రిఫ్‌ట్రాక్స్ వాళ్లు అప్పుడే తోచినట్టు మాట్లాడినా, అదంతా ముందే రాసుకున్న స్క్రిప్టు. రాసేముందు సినిమాలో సందులు వెతకాలి. ఎవరూ మాట్లాడని చోట్లు, కారు పోతూ ఉండేవి, తలుపు తీయడానికి హీరో యుగాలు తీసుకునేవి. ఒక్కో సందు ఏ నిమిషంలో మొదలై ఎన్ని సెకన్లుందో కాగితం మీద రాయండి. జోకు ఆ కొలతకు సరిపోవాలి.

నేనూ మా అక్క కొడుకూ ఒక దెయ్యం సినిమాకు చేసి చూశాం. హీరోయిన్ టార్చి పట్టుకుని చీకటి వరండాలో నడుస్తుంది. నేను రాసింది: ‘ఇంత పెద్ద బంగళా కొన్నవాళ్లు, ఇన్ని షాండ్లియర్లు పెట్టినవాళ్లు, నెలనెలా కరెంటు బిల్లు మాత్రం కట్టలేకపోయారా?’ చదివితే 9 సెకన్లు. అక్కడున్న సందు 4. చివరి మాట సరిగ్గా దెయ్యం అరుపు మీద పడింది. భయమూ పోయింది, నవ్వూ పోయింది. వాడు మొత్తం కొట్టేసి ‘బిల్లు కట్టలేదేమో’ అని ఉంచాడు. రెండు సెకన్లు. నాకు ఒళ్లు మండింది గానీ, వినగానే నవ్వొచ్చింది. మొత్తం 40 రాసుకుంటే చివరికి 11 మిగిలాయి.

కథ అర్థం కావడానికి అవసరమైన డైలాగు మీద మాత్రం అస్సలు మాట్లాడకండి. అది వినపడకపోతే తర్వాతి జోకు ఎవరికీ తెలియదు. సినిమా సౌండు మీ ఫైల్లోకి దూరకుండా చూడటానికి రికార్డింగులో ఇద్దరూ హెడ్‌ఫోన్ పెట్టుకోండి. మొదట్లో ‘స్టూడియో బొమ్మ మాయమవగానే ప్లే నొక్కండి’ అని ఒక మాట చెప్పండి. పావుగంటకోసారి నటుడి డైలాగు ఒకటి మీరూ పలకండి, దానికి రోబో గొంతు అక్కర్లేదు.

ప్రశ్న: నాకు ప్రాణమైన సినిమాను వాళ్లు ఏకిపారేశారు. వినాలా వద్దా?

జవాబు: ముందు సినిమా ఒక్కటే ఇంకోసారి చూడండి. ఆ తర్వాత వినండి. మీకు ఎప్పటినుంచో అనుమానంగా ఉన్న సీను మీదే ముందు జోకు పడుతుంది, చూసుకోండి.