గుర్రం ఇచ్చి గెలిచే యంత్రం: చదరంగం ప్రశ్నలు, జవాబులు

ఈసారి ప్రశ్నలన్నీ ఒకే విషయం మీద వచ్చాయి. కంప్యూటర్ ఇంజిన్ (చదరంగం ఆడే ప్రోగ్రాం) ఆట మొదలుకాక ముందే ఒక బంటునో గుర్రాన్నో వదులుకొని గ్రాండ్‌మాస్టర్‌తో తలపడే రాయితీ పోటీల గురించి విశాఖపట్నం పాఠకులు అడిగినవాటిలో ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. పేర్లు లేకుండా పేటలు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న (విశ్రాంత ఉపాధ్యాయుడు, సీతమ్మధార): మనిషి యంత్రం చేతిలో ఓడిపోయి పాతికేళ్లు దాటింది. ఇప్పుడు అదే యంత్రం దగ్గర ఒక బంటు రాయితీ పుచ్చుకొని ఆడటం గ్రాండ్‌మాస్టర్‌కు చిన్నతనం కాదా?

జవాబు: మాస్టారూ, చదరంగం చరిత్ర తెలిసినవారెవరూ దీన్ని చిన్నతనమనుకోరు. పందొమ్మిదో శతాబ్దంలో పేరున్న ఆటగాడు తనకంటే బలహీనుడితో అన్ని పావులతోనూ ఆడటమే అరుదు. బంటునో, గుర్రాన్నో, ఒక్కోసారి ఏనుగునో పక్కన పెట్టి ఆడేవారు, ఎదుటివారు దాన్ని మామూలు మర్యాదగానే స్వీకరించేవారు. అమెరికాకు చెందిన పాల్ మార్ఫీ గుర్రం ఇచ్చి ఆడిన ఆటలు ఇప్పటికీ పుస్తకాల్లో దొరుకుతాయి. అంతదూరం పోనక్కరలేదు, 2001లో మాజీ ప్రపంచ విజేత గ్యారీ కాస్పరోవ్ టెరెన్స్ చాప్‌మన్ అనే బ్రిటిష్ వ్యాపారవేత్తకు ప్రతి ఆటలో రెండేసి బంట్లు ఇచ్చి 2.5–1.5 తేడాతో గెలిచాడు. ఆ రోజుల్లో రాయితీ ఇచ్చే కుర్చీలో మనిషి కూర్చునేవాడు, ఇప్పుడు ఆ కుర్చీ యంత్రానిది.

సమాన పోటీలకు అర్థం లేకుండా పోయాకే రాయితీ పోటీలు వచ్చాయి. 1996లో ఫిలడెల్ఫియాలో కాస్పరోవ్ ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూను 4–2తో ఓడించాడు. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో అదే యంత్రం అతణ్ని 3.5–2.5తో ఓడించింది. అప్పటికి ఇంకా వాదించడానికి చోటుంది. 2005లో లండన్‌లో హైడ్రా అనే యంత్రం ఇంగ్లండ్ గ్రాండ్‌మాస్టర్ మైకేల్ ఆడమ్స్‌ను 5.5–0.5తో చిత్తు చేసినప్పుడు, 2006లో బాన్ నగరంలో ప్రపంచ విజేత వ్లాదిమిర్ క్రామ్నిక్ డీప్ ఫ్రిట్జ్ చేతిలో 4–2తో ఓడినప్పుడు ఆ వాదన దాదాపు ముగిసింది. బాన్‌లో ఒక ఆటలోనైతే క్రామ్నిక్ తన రాజుకు ఒకే ఎత్తులో పడబోయే ఆటకట్టును గమనించనే లేదు. ఫలితం ముందే తెలిసిన పోటీని చూడటానికి ఎవరు వస్తారు? తేడా ఎంతో కొలవాలంటే బలవంతుడి పళ్లెంలోంచి కొంత తీయాల్సిందే.

ప్రశ్న (ఇంజినీరింగ్ విద్యార్థి, మద్దిలపాలెం): రాయితీల్లో ఏది పెద్దది, ఏది చిన్నది? తరచుగా ఎఫ్‌7 గడిలోని బంటునే ఎందుకు తీస్తారు? గ్రాండ్‌మాస్టర్లు ఈ పోటీల్లో నిజంగా గెలిచారా?

జవాబు: ముందు ఎఫ్‌7 సంగతి చూద్దాం. ఆట మొదట్లో నల్ల రాజు పక్కనే ఉండే ఆ బంటుకు రాజు తప్ప వేరే కాపలా లేదు. ఆ బంటును తీసేస్తే రాజు వైపు వాలుగా వచ్చే దారి తెరుచుకుంటుంది, తెల్ల మంత్రి హెచ్‌5 గడిలోకి వచ్చి చెక్ చెప్పే ప్రమాదం మొదటి ఎత్తు నుంచే వెంటాడుతుంది. అంచున ఉన్న బంటు తీస్తే ఇంత నష్టం లేదు, పైపెచ్చు ఆ వరుసలో ఏనుగుకు దారి దొరుకుతుంది. ఎఫ్‌7 బంటు తీసినా కోట కట్టుకున్న (రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో కదిపే క్యాస్లింగ్) తర్వాత ఏనుగుకు ఎఫ్ వరుస తెరిచి ఉంటుందనుకోండి, అయితే అక్కడిదాకా క్షేమంగా చేరడమే కష్టం. దానికి తోడు మొదటి ఎత్తు కూడా ఎదుటివాడిదే అయితే దాన్ని ‘బంటూ, ఎత్తూ’ రాయితీ అంటారు. పాతకాలపు ఆటగాళ్లకు ఇది బాగా అలవాటైన కొలత.

ఇక పోటీల విషయానికి వస్తే, 2007లో రిబ్కా అనే ఇంజిన్ ఎస్టోనియాలో పుట్టిన గ్రాండ్‌మాస్టర్ యాన్ ఎల్వెస్ట్‌తో ఎనిమిది ఆటలు ఆడింది. తెల్ల పావులు తీసుకొని ఒక్కో ఆటలో ఒక్కో బంటును వదులుకుంది. అయినా 5.5–2.5తో గెలిచింది. 2008లో అదే రిబ్కా గ్రాండ్‌మాస్టర్ రోమన్ జింజికష్విలీకి ‘బంటూ, ఎత్తూ’ ఇచ్చి ఆడితే ఎనిమిది ఆటల పోటీ 4–4తో సమమైంది. అదే ఏడాది గ్రాండ్‌మాస్టర్ వాదిమ్ మిలోవ్ మాత్రం, సమాన ఆటలూ రాయితీ ఆటలూ కలగలిసిన ఎనిమిది ఆటల పోటీలో 4.5–3.5తో గట్టెక్కాడు. అంటే తెల్ల పావులతో ఒక బంటు తగ్గితే యంత్రానికి పెద్ద నష్టం లేదు, నల్ల పావులతో ఎఫ్‌7 బంటు పోతే మాత్రం ఆనాటి యంత్రమూ మంచి గ్రాండ్‌మాస్టరూ దాదాపు సరిసమానం. (రిబ్కా వేరే ప్రోగ్రాములనుంచి కోడ్ తీసుకుందని తేల్చి 2011లో దాని ప్రపంచ కంప్యూటర్ చదరంగం టైటిళ్లను వెనక్కి తీసుకున్నారు. ఆ వివాదం వేరు, బోర్డు మీద పడిన ఎత్తులు వేరు.)

ఆ తర్వాత యంత్రాలు ఇంకా బలపడ్డాయి. 2014లో స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్‌తో అమెరికా గ్రాండ్‌మాస్టర్ హికారు నకమురా నాలుగు ఆటలు ఆడాడు. మొదటి రెండింటిలో అతనికి పాత రిబ్కా సాయం ఉంది, తర్వాతి రెండింటిలో సాయం లేదు కానీ ఒక బంటు రాయితీ దొరికింది. మొత్తం 3–1తో స్టాక్‌ఫిష్‌దే విజయం. నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించింది 2016 జనవరిలో కొమొడో ఇంజిన్‌తో నకమురా ఆడిన నాలుగు ఆటలు. ఎందుకంటే అక్కడ ఒక్కో ఆటలో రాయితీ ఒక్కో రకం. మొదటిదానిలో ‘బంటూ, ఎత్తూ’, రెండోదానిలో కొమొడో తెల్ల పావులతో ఒక బంటు తక్కువ, మూడోదానిలో కొమొడో ఏనుగునూ నకమురా గుర్రాన్నీ తీసేశారు. ఈ మూడూ డ్రా అయ్యాయి. నాలుగోదానిలో బోర్డు మీద పావులన్నీ ఉన్నాయి, నకమురాకు మొదటే నాలుగు ఎత్తులు ఉచితం. ఆ ఒక్క ఆటనే అతను ఓడాడు, పోటీ 2.5–1.5తో కొమొడోది అయింది.

ఈ నాలుగో ఆట మీకు తమాషాగా అనిపించవచ్చు, మొదటే నాలుగు ఎత్తులు అంటే వినడానికి గొప్ప వరమే. అయితే ఎదుటివాడి బంటు ఒకటి తక్కువైతే ఆ లాభం ఆట చివరిదాకా మీ దగ్గరే ఉంటుంది. ఎత్తుల లాభం అలా నిలవదు, వెంటనే దాడి చేసి వాడుకోకపోతే పదిహేను ఇరవై ఎత్తుల్లో కరిగిపోతుంది. దాడి చేయడమంటే ఆటను చిక్కుల్లోకి లాగడం, చిక్కుల్లో లెక్కకట్టడం యంత్రానికే చేతనైన పని. కాబట్టి మనిషికి ఉపయోగపడే రాయితీ పావు రూపంలో ఉండాలని నా అభిప్రాయం. మరో మాట కూడా చెప్పాలి. ఒక బంటు ఎక్కువ పెట్టుకొని గ్రాండ్‌మాస్టర్ జాగ్రత్తగా డ్రా చేసుకుంటే పట్టికలో చెరి అర పాయింటు పడుతుంది, కానీ చేతిలో ఉన్న లాభాన్ని గెలుపుగా మార్చుకోలేకపోయినవాడు మనిషే కనుక ఆ అర పాయింటును యంత్రం గెలుపుగానే చూస్తాను.

ప్రశ్న (బ్యాంకు ఉద్యోగి, అక్కయ్యపాలెం): గుర్రం లేకుండా ఆడే లీలా అనే ఇంజిన్‌తో ఆన్‌లైన్‌లో మూడు నిమిషాల ఆటలు ఆడి వరుసగా ఓడిపోయాను. నేనే కాదు, గ్రాండ్‌మాస్టర్లు కూడా ఓడుతున్నారు. మొదటి ఎత్తు దగ్గరే స్టాక్‌ఫిష్‌ను అడిగితే లీలా ఆట చేజారిపోయిందనే చెబుతోంది. చేజారిన ఆటను అది ఎలా గెలుస్తోంది?

జవాబు: స్టాక్‌ఫిష్ అబద్ధం చెప్పడం లేదు. ఎదుటివారు కూడా తనలాగే తప్పులేకుండా ఆడతారనుకుంటే గుర్రం తగ్గినవారి ఆట పోయినట్టే. అయితే తప్పులేకుండా ఆడే మనిషి ఈ భూమ్మీద లేడు.

మామూలు ఇంజిన్‌కు ఒక బలహీనత ఉంది. ఎదుటివారు తనంత బలవంతులని లెక్క వేసుకొని ఆడటం వల్ల, గుర్రం తక్కువగా ఉన్నప్పుడు దానికి ఏ ఎత్తు చూసినా ఓటమే కనబడుతుంది. అన్ని దారులూ ఓటమికే అయినప్పుడు ఒకదానికీ మరొకదానికీ తేడా చూడటం మానేస్తుంది, కొన్నిసార్లు మంత్రులను మార్చుకొని ఆటను తేలిక చేసేస్తుంది. అది మీకు కావలసిందే. పూర్ణా మార్కెట్లో ప్రతి కొనుగోలుదారుకూ అసలు ధర తెలుసని నమ్మే వ్యాపారి మొదటి మాటకే తలూపి సరుకు ఇచ్చేస్తాడు, ఎదుట నిలబడినవారి ముఖం చదివే వ్యాపారి మాత్రం బేరం సాగదీస్తాడు. గుర్రం రాయితీ కోసం తయారుచేసిన లీలా ఈ రెండో రకం.

లీలా చెస్ జీరో 2018లో మొదలైన ప్రాజెక్టు. డీప్‌మైండ్ సంస్థ 2017లో చూపించిన ఆల్ఫాజీరో పద్ధతినే అనుసరించి, తనతో తానే కోట్ల ఆటలు ఆడుకొని నేర్చుకున్న నాడీజాలం (న్యూరల్ నెట్‌వర్క్) దానికి మెదడు. ఏ ఎత్తుకు గెలుపు, డ్రా, ఓటమి ఎంతెంత సాధ్యమో అది విడివిడిగా అంచనా వేస్తుంది. రాయితీ ఆటల కోసం పనిచేసినవారు రెండు మార్పులు చేశారు. గుర్రం లేని ఆరంభ స్థితుల నుంచే నాడీజాలానికి ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చారు, ఎదుటివాడు తనకంటే బలహీనుడన్న అంచనాను వెతుకులాటలోనే కలిపారు. ఇంజిన్ల భాషలో ఈ రెండోదాన్ని కంటెంప్ట్ అంటారు. దాని ఫలితం బోర్డు మీద స్పష్టంగా కనిపిస్తుంది: లీలా పావులు మార్చుకోదు, బంట్లతో మధ్య గడులను బిగిస్తుంది, మీ అదనపు గుర్రానికి మంచి గడి దొరక్కుండా చేస్తుంది, ప్రతి ఎత్తుకూ మీరు ఒక చిన్న నిర్ణయం తీసుకోవలసిన పరిస్థితి కల్పిస్తుంది. ఆ నిర్ణయాల్లో ఒక్కటీ కష్టమైనది కాకపోవచ్చు, కానీ మూడు నిమిషాల్లో అలాంటివి నలభై వరసగా తీసుకోవాలి.

మీ ఓటమిలో గడియారానికీ పెద్ద భాగమే ఉంది. అదే లీలాతో ఒక్కొక్కరికి గంటన్నర ఇచ్చి ఆడిస్తే, గుర్రం ఎక్కువున్న గ్రాండ్‌మాస్టర్ మీదే నేను పందెం కాస్తాను. గ్రాండ్‌మాస్టర్‌కు అంత సమయం దొరికితే నింపాదిగా పావులు మార్చుకుంటూ చివరి ఘట్టానికి చేరుతాడు, అక్కడ ఒక గుర్రం అదనంగా ఉంటే ఎంత తెలివైన యంత్రమైనా చేయగలిగింది తక్కువ.

ప్రశ్న (గాజువాక పాఠకుడు): పావులు తీయడం ఎందుకు? ఇంజిన్‌కు తక్కువ సమయం ఇస్తే సరిపోదా?

జవాబు: ప్రయత్నించారు కానీ లాభం తక్కువ. 1997 నాటి డీప్ బ్లూ సెకనుకు 20 కోట్ల స్థితులను పరిశీలించేదని చెప్పేవారు, ఆ వేగానికి రెండు పెద్ద అలమారాలంత యంత్రం కావలసి వచ్చింది. నేటి ఇంజిన్ల బలం వేగంలో కంటే అంచనాలో ఎక్కువ. ఎత్తుకు ఒక్క సెకను ఇచ్చినా మామూలు ల్యాప్‌టాప్ మీద అవి గ్రాండ్‌మాస్టర్‌ను దాటి ఆడతాయి. సమయం తగ్గిస్తే ప్రేక్షకుడికి కూడా ఏం జరిగిందో అర్థం కాదు, పావు తీస్తే తేడా అందరికీ కళ్లెదుట కనిపిస్తుంది.

ప్రశ్న (ఒక తల్లి, ఎంవీపీ కాలనీ): మా పాపకు పదకొండేళ్లు, జిల్లా పోటీల్లో ఆడుతోంది. ఇంజిన్ దగ్గర రాయితీ పుచ్చుకొని ఆడితే ఆట మెరుగవుతుందా, పాడవుతుందా?

జవాబు: అమ్మా, ఇంజిన్ ఎక్కువైతే పిల్లలు సొంతంగా ఆలోచించడం మానేస్తారన్న భయం నిరాధారమైంది కాదు. 2024లో ప్రపంచ విజేత అయిన గుకేశ్‌ను అతని శిక్షకుడు విష్ణు ప్రసన్న గ్రాండ్‌మాస్టర్ స్థాయికి వచ్చేదాకా ఇంజిన్లకు దూరంగా ఉంచిన సంగతి అందరికీ తెలిసిందే. కానీ అక్కడ అభ్యంతరం విశ్లేషణ కోసం యంత్రం మీద ఆధారపడటానికి సంబంధించినది. రాయితీ ఆటలో యంత్రం సలహాదారు కాదు, ప్రత్యర్థి. వారానికి ఒకటి రెండు ఆటలైతే నేను అడ్డు చెప్పను.

అయితే రాయితీ పెద్దదిగా ఉండాలి. మంత్రి లేకుండా ఆడే ఇంజిన్‌తో మొదలుపెట్టి, పాప మూడింట రెండు ఆటలు గెలవడం మొదలయ్యాక ఏనుగు రాయితీకి, ఆ తర్వాత గుర్రం రాయితీకి రండి. ఒక్కొక్కరికి కనీసం పదిహేను నిమిషాలు పెట్టండి, మూడు నిమిషాల ఆట వద్దు. పాపకు ఒక్క సూత్రం చెప్పండి: లాభంలో ఉన్నప్పుడు పావులు మార్చుకో, బంట్లు మార్చుకోకు. పావులు తగ్గేకొద్దీ అదనపు పావు విలువ పెరుగుతుంది. బంట్లు అన్నీ పోతే మాత్రం ఒక గుర్రం ఒంటరిగా ఆటకట్టు చేయలేదు.

ఆట అయ్యాక వెంటనే ఇంజిన్ విశ్లేషణ తెరవనివ్వకండి. ఏ ఎత్తు దగ్గర లాభం జారిపోయిందో పాప తనే ఒక నోటు పుస్తకంలో రాయాలి, ఆ తర్వాత ఆమె శిక్షకుడు చూడాలి, యంత్రాన్ని అడగడం ఆ రెండూ అయ్యాకే.